మన కారం తిన్నవాళ్ళు

పిన్ని పోయింది. గుంటూరు ఆసుపత్రిలో తెల్లవారుజామున పోతే, ఎండెక్కేసరికి నరసరావుపేట తీసుకొచ్చి ఇంటి వసారాలో పడుకోబెట్టారు. మిర్చి సీజను. పక్క గదినిండా మాచవరం వైపు నుంచి వచ్చిన మిరపకాయల బస్తాలు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు, కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటు తగిలిందో చెప్పలేం. పిన్ని బతికుంటే "కంట్లో కారం పడితే గాని ఏడవరా ఏందే మీరు?" అని ఉండేది. అది తలుచుకుంటే శవం పక్కనే నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకుండానే ఏడుపొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. పిన్నీ అని పిలిచాను గాబట్టి పిన్ని. బాబాయి పోయాక కారం ఆడించి, పచ్చళ్ళు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ముందు మా బజారు, తర్వాత గుంటూరు, ఆ తర్వాత హైదరాబాదు, బెంగళూరు, పూణే. నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకునేదాన్ని. ఒకరోజు గోడ మీంచి కేకేసింది. "ఏమే, ఫోను మెసేజీల్లో మనది కొట్టుకుపోతంది. గుడ్ మార్నింగులూ, దేవుడి బొమ్మలే సరిపోయె జనానికి. ఆఫీసోళ్ళకి ఉత్తరంలాగా పోయేదేందో ఉందంటగా, అది పెట్టు."

అలా మొదలైంది మా ఈమెయిలు లిస్టు. ప్రతి ప్యాకెట్లో ఒక చిన్న కార్డు పెట్టేవాళ్ళం. 'కొత్త కారం ఆడించినప్పుడు చెప్పమంటే మీ ఈమెయిలు పంపండి. వద్దనుకుంటే మానేయండి.' వచ్చిన అడ్రసుకి ముందు ఒక మెయిలు వేసి, అడిగింది మీరేనా అని కనుక్కుని, అవునంటేనే కలిపేవాళ్ళం. చానా నిదానంగా పెరిగింది. వాళ్ళబ్బాయికి ఆ నిదానం నచ్చలేదు. నాకు వరసకి అన్నయ్య. ఎక్కడో ఎవరి దగ్గరో వేల అడ్రసులు కొనుక్కొచ్చి, "అందరికీ ఒకేసారి కొట్టు చెల్లీ" అన్నాడు.

"వాళ్ళు మనల్ని అడిగార్రా?" అంది పిన్ని.

"అడగలేదు. చూస్తే కొంటారు గదా."

"పిలవని పేరంటానికి పోయి వాయనం తెమ్మని కూర్చుంటామంట్రా? తీసెయ్ అవతలికి."

అంతమాత్రాన పిన్ని ఏం చేసినా బంగారమేనని చెప్పను. మొండిఘటం. మెయిలు అడుగున 'ఇక వద్దు' అని ఒక మీట ఉంటుంది గదా, అది పెట్టనియ్యలేదు. "ఇంటికొచ్చినోళ్ళకి పొమ్మని గుమ్మం మీద రాసుకుంటామా?" అని కూర్చుంది. పోవాలనుకున్నవాళ్ళకి దారి లేక మా మెయిళ్ళని చెత్త కింద లెక్క కట్టారు. దాంతో కావాలన్నవాళ్ళకి కూడా మా మెయిలు చెత్తబుట్టలోకే పోవడం మొదలైంది. ఆ ఏడు ఆవకాయ సగం మిగిలిపోయింది. దానికి మళ్ళీ నన్నే తిట్టింది! నేను మూతి ముడుచుకుని గోడ వైపే చూడలేదు. ఆఖరికి తనే దిగొచ్చి ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఆ మీట మీద 'వెళ్ళొస్తాం' అని ఉండాలి. మనలో ఎవరన్నా గడప దిగేటప్పుడు పోతున్నానని అంటారా?

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. కొన్ని అడ్రసుల నుంచి మెయిలు తిరిగొచ్చేస్తుంది. కొందరు నెలల తరబడి తెరవరు. అలాంటివి తీసేస్తూ ఉండాలి, ఎవరైనా చేసేదే. పిన్ని తీయనిచ్చేది కాదు. "ఊరికే కొట్టేయమాకు. బతికున్నారో లేదో కనుక్కో." ఆర్డర్లు పెట్టినప్పటి ఫోను నంబర్లు ఉంటాయి గదా, తనే చేసేది. ఉద్యోగం మారామని కొందరు, డాక్టరు కారం మానమన్నాడని కొందరు. అప్పుడు మాత్రం తీసెయ్యమనేది.

కరోనా వచ్చిన ఏడు ఆ ఫోన్లు వేరేగా ఉన్నాయి. పూణేలో ఒకావిడ గోంగూర తెగ తెప్పించుకునేది. పిన్ని ఫోను చేస్తే భర్త ఎత్తాడు. పిన్ని విని, "అయ్యో నాయనా" అని పెట్టేసింది. లేచి పెరట్లోకి పోయి, కుళాయి కింద బకెట్టు పెట్టి, కట్టుకున్న చీరతోనే నెత్తిన పోసుకుంది. చావు కబురు వింటే మన ఇళ్ళల్లో అయినవాళ్ళకి చేసే స్నానం.

"ముక్కూ మొహం తెలీని మనిషికి మైలేంది పిన్నీ?" అన్నాను.

"మన కారం తిన్నది గదే."

ఆ ఎండాకాలం చానాసార్లు అలా తడిచి వచ్చింది. జలుబు చేసి, గొంతు బొంగురుపోయినా ఫోన్లు ఆపలేదు. నాకు భయమేసి "ఇంక చాలు, మానేద్దాం" అంటే, "మానేస్తే చచ్చినోళ్ళు లేచొస్తారా?" అంది. "మంచికి పిలిస్తే పోవాలి, చెడ్డకి తెలిస్తే పోవాలి" అని ఎప్పుడూ అంటుండేది. తెలియడం ఎలాగ మరి, ఒకళ్ళు కనుక్కోకపోతే!

మొన్న చలికాలంలో దగ్గు పట్టుకుంది. కారం ఘాటేలే అంది. ఘాటు కాదు. గుంటూరులో మంచం మీద ఆక్సిజన్ పక్కకి లాగి, "కొత్త కాయ దిగిందంటగా, మెయిలు రాశావా?" అని అడిగింది.

"నువ్వొచ్చాక రాద్దాం."

"నేనొచ్చేదేందే." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "లేని మనిషి పేరున పిలుపు పోగూడదు. నేను పోతే పోయానని చెప్పు. దాచమాకు."

చిన్నకర్మ అయిన సాయంత్రం అన్నయ్య ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. 'పిల్లలూ, కొత్త కారం ఆడించాను, మీ పిన్ని' అని మెయిలు తనే రాసుకొచ్చాడు. పంపమన్నాడు. పాస్‌వర్డు నా దగ్గరే ఉంది.

"అమ్మ పేరు లేకుండా ఆ కారం ఎవరు కొంటారమ్మా? గదినిండా కాయ ఉంది. ఆగితే రంగు దిగిపోద్ది. సీజను కానిచ్చి చెబుదాం. అబద్ధం కాదు గదా, కాస్త ఆలస్యం."

"మైల ఇంట్లోంచి, పోయిన మనిషి పేరున తినేది పంపుతావా అన్నయ్యా?"

"మరి నా పిల్లలు ఏం తినాలో నువ్వు చెప్పు!" అని అరిచి, అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాడు. అతను దుర్మార్గుడు కాదు. ఆ మాట రాయకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది.

ఐనా నేను పంపింది వేరే. 'పిన్ని పోయింది. ఈ ఏడు కారం లేదు. మీరు ఆమె చేతి కారం తిన్నారు గాబట్టి చెబుతున్నాను.'

మర్నాడు పొద్దుగూకేలోపు 'వెళ్ళొస్తాం' మీట ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూనే ఉన్నారు. మనుషులు లేచి వెళ్తుంటే పందిరి ఖాళీ అయినట్టు, చూస్తూ కూర్చున్నాను. కొందరు ఓం శాంతి అన్నారు. ఒకాయన ఓం శాంతి కిందనే 'పాత స్టాకు ఏమన్నా ఉందా?' అని అడిగాడు. తిట్టుకున్నాను, గట్టిగానే. కాయంతా చిలకలూరిపేట వ్యాపారికి వచ్చినకాడికి పోయింది. అన్నయ్య నాతో మాటలు మానేశాడు. నేను చేసింది ఒప్పేనని గుండె మీద చెయ్యేసుకుని ఇప్పటికీ అనలేను.

పెద్దకర్మ దాటాక పూణే నుంచి జవాబొచ్చింది. ఆ గోంగూర ఆవిడ భర్త. ఆవిడ పేరు తీసి తన పేరు లిస్టులో పెట్టమని ఆ తర్వాత మెయిలు రాసినాయన. 'ఊళ్ళో లేను, మెయిలు ఇప్పుడే చూశాను. తలస్నానం చేసి వచ్చి రాస్తున్నాను. ఆమెని ఎన్నడూ చూడలేదు. ఎందుకు చెయ్యాలనిపించిందో తెలియదు. మా ఆవిడ ఉంటే చేసేది.' పిన్ని చేసిన స్నానం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అది చదివాక లిస్టు తెరిచాను. మొదటి అడ్రసు పిన్నిదే. మెయిలు అందుకునేవాళ్ళకి అది ఎలా కనబడుతుందో తనూ చూడాలని ముందు తన పేరే రాయించుకుంది. ఆ చావు కబురు ఆ అడ్రసుకి కూడా పోయింది. తెరవలేదు. తీసెయ్యాలి. తీసేముందు కనుక్కోవాలి గదా.

పిన్ని నంబరుకి ఫోను చేశాను. గోడ అవతల, కాయ లేని ఆ గదిలో మోగింది. చానాసేపు మోగింది. ఎత్తరేమో అనుకున్నాను.

"అమ్మ పోయింది చెల్లీ," అన్నాడు అన్నయ్య.

తనూ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. ఆఖరికి నేనే పెట్టేసి పెరట్లోకి పోయాను. బకెట్టు నిండేదాకా ఆగలేదు.