సార్ చదవని చివరి పేజీ

కోర్టు తీర్పులు అచ్చేసిన పాత లా రిపోర్టుల సంపుటాలు బైండింగు నుంచి నిన్ననే తిరిగొచ్చాయి. అట్ట తెరవగానే మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన గుప్పుమంది. తార్నాకలో నరహరి సార్ ఇంటి ముందుగది అచ్చం ఇలాగే వాసన వేసేది. ఇన్నేళ్ల తర్వాత కూడా నోరంతా చేదయింది.

అరవైల చివర్లో నేను తార్నాక పక్కనే యూనివర్సిటీ క్యాంపస్‌లో లా చదివేవాణ్ని. సార్ మా లెక్చరర్. హైకోర్టు తీర్పుల మీద ఓ మాసపత్రికలో ఆయన రాసే వ్యాఖ్యలను వకీళ్లు కత్తిరించి దాచుకునేవారు. ఆదివారాలు నన్ను ఇంటికి పిలిచి తీర్పు చదవడం నేర్పారు. ప్రతి తీర్పు పైనా నాలుగు లైన్ల సారాంశం అచ్చువేస్తారు, హెడ్‌నోట్ అంటారు దాన్ని. ఓసారి అదొక్కటే చదివి వెళ్తే, పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నారు.

"గిది జడ్జి రాసింది గాదు, పుస్తకం అచ్చేసినోళ్లు రాసింది. చివరి పేజీ నుంచి చదువు. ఓడిపోయినోనికి ఏమన్న మిగిలిందంటే గాడనే ఉంటది."

పల్లె నుంచి వచ్చిన నాకు ఆ మాట ఎంత గొప్పగా అనిపించిందో! ఈయన చెప్పినట్టు నడుచుకుంటే చాలనుకున్నాను. అదీ నా తెలివి.

మా హాస్టల్ మెస్సులో ఎల్లయ్య వంట చేసేవాడు. మౌలాలి నుంచి నడిచొచ్చి పొద్దున్నే పొయ్యి వెలిగించేవాడు. నేను ఆలస్యంగా వెళ్తే పళ్లెం మీద మూతపెట్టి ఉంచేవాడు. బియ్యం దొంగిలించాడని, ఒక్క మాటైనా అడక్కుండా అతన్ని తీసేశారు. కోర్టుకెళ్లాడు. అవతలి వకీలు సార్ వ్యాఖ్యే చదివి వినిపించాడు. తాత్కాలిక పనివాణ్ని సంజాయిషీ అడక్కుండానే తీసేయవచ్చని అంతకుముందు వేరే కేసులో హైకోర్టు చెప్పిందట. ఎల్లయ్య ఓడిపోయాడు.

నమ్మబుద్ధి కాక లైబ్రరీలో ఆ హైకోర్టు తీర్పు తీశాను. దొంగతనం మోపి తీసేస్తే మాత్రం ముందు అతని మాట వినాల్సిందేనని చివరి పేజీలో ఉంది. హెడ్‌నోట్‌లో అది లేదు. సార్ వ్యాఖ్యలోనూ లేదు. ఏ పనికి నన్ను తిట్టారో పత్రికకు పంపే తొందరలో ఆయనే ఆ పని చేశారు.

సంపుటం పట్టుకుని తార్నాక వెళ్లాను. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివి, తప్పేనన్నారు. ఎల్లయ్య అప్పీలుకు ఇంకా పదిరోజుల గడువుంది, సవరణ రాసివ్వమని బతిమాలాను.

"వచ్చే నెల నా ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉన్నది. గిప్పుడు నా తప్పు నేనే రాసియ్యాల్నా?" అన్నారు. సంపుటం మూసి నా చేతికిచ్చి, "నీకు గూడ సిఫారసు ఉత్తరం కావాలె గద?" అన్నారు.

కావాలి. పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాలంటే ఆ ఉత్తరమే నాకు దిక్కు. సంపుటం తీసుకొచ్చి లైబ్రరీలో పెట్టేశాను.

రెండు రోజులకు ఎల్లయ్య తార్నాక చౌరస్తాలో ఎదురయ్యాడు. అప్పీలుకు వెళ్లాలా వద్దా అని ఇంట్లో తేలడం లేదట. చదువుకున్నవాణ్ని కదా అని నన్నడిగాడు.

"పెద్దసారు పుస్తకంల రాసిండంటే ఇగ అంతే గద, బిడ్డా?"

"అంతే," అన్నాను.

సార్ ప్రొఫెసరయ్యారు. నా ఉత్తరం నాకొచ్చింది. ఎల్లయ్య మళ్లీ కనబడలేదు. ఇప్పుడు నేనూ తీర్పుల మీద వ్యాఖ్యలు రాస్తాను. చివరి పేజీ నుంచే చదువుతాను. ఎవరు నేర్పారని జూనియర్లు అడిగితే సార్ పేరు చెబుతాను. ఆయన మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆయన ఆ పేజీ చదవకుండా రాశారు. నేను చదివి కూడా ఎల్లయ్యతో "అంతే" అన్నాను.