బెంగుళూరులో కొట్టుకునే అక్క గుండె

మా ఊరి బంగారు గనులు మూతపడినప్పుడే నేనూ ఏడో తరగతి పుస్తకాలు మూసేశాను. గనుల్ని మళ్ళీ తెరవలేదు, నన్నూ బడికి పంపలేదు.

చాలా యేళ్ళకి అక్కకి గుండె కండ మందమయ్యే జబ్బని తేలింది. అమ్మను తీసుకుపోయిందీ అదే. నీకు గుండె దిటవనుకుంటే ఉత్త లావంట కదా అని ఏడిపించాను. ఆయాసపడుతూనే నవ్వింది.

బెంగుళూరులో పరిశోధన చేసే ఒక మేడం అక్కను రక్తం అడిగింది. కడప వైపు మనిషి, మన మాటే, అందుకే నమ్మాం. రక్తంలోని కణాలను వెనక్కి తిప్పి మూలకణాలు చేస్తారట. వాటినుంచి గుండె కణాలు పెంచి, రకరకాల మందులు పోసి ఏది పనిచేస్తుందో చూస్తారట. "మీ గుండెకే మందు వెతుకుతామక్కా" అంది. అక్క ఆ మాటను కొంగున ముడేసుకుంది.

కొన్ని నెలలకి మేడం ఫోన్‌కి వీడియో పంపింది. గాజు పళ్ళెంలో మసక మచ్చ ఒకటి అదురుతోంది. అవి అక్క గుండె కణాలే. మన ఊరి జనమంతా పొద్దున్నే రైలెక్కి బెంగుళూరికి పనికి పోతారు, నీ గుండెకీ అక్కడే పని దొరికిందన్నాను. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ వీడియో చూపించింది అక్క, కొత్తగా పుట్టిన మనవణ్ణి చూపించినట్టు.

ఒక మందుకి ఆ అదురు కుదుటపడిందని మేడమే ఫోన్ చేసి చెప్పింది. అక్క పొంగలి వండి పక్కిళ్ళకి పంచింది. నెలలు గడిచినా మందు రాలేదు. మేము చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఒక ఆదివారం ఆమే ఇంటికి వచ్చింది. ఈసారి నా రక్తం కావాలట, జబ్బు లేని చెల్లెలి కణాలతో పోల్చి చూడాలట. నేను నైటీ చేతిని పైకి మడిచాను.

"నా మందు యాడ ఉండాదమ్మా?" అని అడిగింది అక్క.

మేడం తల వంచుకుంది. అది కణాలకే పనిచేసిందని, మనిషికి ఇవ్వాలంటే ఇంకా చాలా పరీక్షలున్నాయని, ఎన్నేళ్ళు పడుతుందో, అసలు ఇస్తారో లేదో తెలియదని చెప్పింది.

"నా గుండెకే అంటివి గదా."

"పళ్ళెంలో ఉండేదీ మీ గుండే కదక్కా."

అంత పెద్ద జోకు నేను కూడా ఎప్పుడూ వేయలేదు. మా నాయన గనిలోంచి శాంపిల్ రాళ్ళు మోసేవాడు. నూరి చూసి బంగారం ఉందనేవాళ్ళు. ఆ రాయికే నగ చేయించినవాళ్ళు లేరు.

"అయితే అది నాకిచ్చెయ్. నాది గదా," అంది అక్క.

అలా ఇచ్చేది కాదంది మేడం. గడ్డకట్టించి చాలాచోట్ల దాచారట.

అక్క గోడ పట్టుకుని లేచింది. నా దగ్గరికి వచ్చి, మడిచిన చేతిని కిందికి లాగి సరిచేసింది.

"కాఫీ తాగి పోమ్మా," అంది మేడంతో. "ఇంగ ఈ ఇంట్లో రక్తం లేదు."