పెద్దమ్మ బావి నీళ్ల వాసన

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను హోసూరులో, రోజాపూల షెడ్డులో కాడలు కత్తిరిస్తున్నాను. ఉన్నపళంగా బస్సెక్కేశాను. బస్సు అత్తిముగం ఊరు దాటేదాకా కత్తెర నా చేతిలోనే ఉందన్న సంగతి తెలియలేదు.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, అందుకని నాకు పెద్దమ్మ. రెండు ఆవులు, ఇంటి వెనక ఒక చేదబావి, అంతే ఆమె సంసారం. ఆ బావి నీళ్లంటే ఆమెకు మహా గర్వం. వాటితో కెలికితేనే సంగటి అనేది. ఎవరింటికి పెళ్లికి పోయినా సంచిలో ఒక సీసా నీళ్లు పెట్టుకునేది, మేమంతా నవ్వినా మానలేదు.

అప్పట్లో నేను మా ఊరి రోడ్డు పక్కన, పెద్దమ్మ బావికి దగ్గర్లోనే ఉన్న పెట్రోలు బంకులో పనిచేసేదాన్ని. రోజూ పొద్దున భూమిలోని ట్యాంకులోకి కొలకడ్డీ దించి, ఎంతవరకు తడిసిందో చూసి రాయడం నా పని. కొన్ని వారాలుగా పెట్రోలు అమ్మినదానికంటే ఎక్కువే తగ్గుతోంది. మేనేజరుకు చూపించాను. "ఎండకు ఆవిరైపోతా ఉండాది, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

ఒకరోజు పెద్దమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నేరుగా బంకుకే వచ్చింది.

"ఆవు తొట్లో మూతి పెట్టి తీసేసినాది పాపా. నువ్వొకతూరి వాసన చూడు."

చూశాను. నాకేమీ తెలియలేదు. "బాగానే ఉండాయి కదా పెద్దమ్మా" అంటూ తాగబోయాను. ఆమె చటుక్కున చెంబు లాక్కుంది.

"నీ ముక్కును కూడా ఈళ్లు పనికి పెట్టుకున్నారు. అదింక నీ మాట వినదు పాపా."

గొంతులో కోపం లేదు, జాలే ఉంది. పొద్దస్తమానం పెట్రోలు మధ్య నిలబడే నాకు పెట్రోలు వాసనే తెలియడం లేదని అప్పుడు అర్థమైంది, ట్యాంకులో తగ్గేది ఎక్కడికి పోతోందో కూడా. మేనేజరును అడగకుండా, బోర్డు మీదున్న కంపెనీ నంబరుకు నేనే ఫోన్ చేశాను.

మర్నాడే మనుషులు వచ్చారు. అమ్మకం ఆపేశారు, మిగిలిన పెట్రోలును లారీలోకి తోడేశారు, నేల తవ్వి ట్యాంకు పైకి తీశారు. అడుగున తుప్పు తిని వేలు పట్టేంత బొక్క. తడిసిన మట్టి లారీలకు లారీలు పోయింది. బావి నీళ్లు తాగొద్దు, దగ్గర నిప్పు రాజెయ్యొద్దు అన్నారు. వాళ్లకంటే పెద్దమ్మే గట్టిగా కాపలా కాసింది. తవ్వించే సూపర్‌వైజరునే ఆపేసింది.

"బీడీ ఆర్పేసి రాప్పా. లేకుంటే ఆడే నిలబడుకో."

ఆయన వెనక్కి పోయి ఆర్పేసి వచ్చాడు.

బంకు మూతపడింది, నేను హోసూరు పనికి కుదిరాను. బావి నీళ్లను మిషనుతో తోడి శుభ్రం చేస్తూనే ఉన్నారు. పెద్దమ్మ క్యాను నీళ్లు కొనుక్కుని తాగేది, ఒక్కరోజు కూడా బాగున్నాయని అనలేదు. పొద్దున్నే ఒక చెంబు చేది, వాసన చూసి, వాళ్లు పెట్టిన డ్రమ్ములో పోసేది. ఆదివారం నేను ఇంటికొస్తే నా ముక్కుకు పరీక్షలు పెట్టేది. కళ్లు మూయించి కరివేపాకు, ఎండుమిరప, పేడ ఒకదాని తర్వాత ఒకటి చూపించేది. మా కంపెనీ రోజాలకు వాసనే ఉండదని తెలిసి, "వాసన లేని పూల కోసరం అంత దూరం పోతావా" అని నవ్వేది.

ఈ వానల్లో మంచం పట్టింది. జ్వరంతో ఆమెకు వాసన తెలియడం ఆగిపోయింది. పోయిన ఆదివారం నన్ను పిలిచింది.

"నా ముక్కు పోయినాది పాపా. నువ్వు చూసి చెప్పు. బాగుంటే ఒక గుటక పొయ్యి."

బావి దగ్గరికెళ్లి చేదాను. మొదట ఏ వాసనా రాలేదు. సంతోషంతో ఇంటివైపు రెండడుగులు వేశాను. మళ్లీ చూస్తే, చివర్న సన్నగా పెట్రోలు తగిలింది. అదే చెంబులో క్యాను నీళ్లు పోసిచ్చి బావి నీళ్లే అంటే ఆమెకు తెలిసేది కాదు. ఒకసారి తెలియక బాగున్నాయన్నాను. తెలిసి అనడానికి నోరు రాలేదు.

"ఇంకా ఉంది పెద్దమ్మా, రవ్వంత."

కళ్లు మూసుకుంది. చెయ్యి చాచి నా ముక్కును రెండు వేళ్లతో పట్టుకుంది.

"ఇప్పుడొచ్చింది, నీ ముక్కు నీకు."

ఆమె నోట్లో ఆఖరి నీళ్లు కూడా క్యానులోవే పోశారు. నేను చేసింది సరైనదేనని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఆ ఒక్క గుటక ఆమెకు అందలేదన్న బాధ పోవడం లేదు. ఆమె వేళ్లు నా ముక్కు మీద మళ్లీ ఒక్కసారి పడితే చాలనిపిస్తుంది.

ఇవాళ పొద్దున వెళ్లి ఒక చెంబు చేదాను. వాసన చూసి డ్రమ్ములో పోసి, ఆమె పెట్టినట్టే చెంబును గట్టు మీద బోర్లించాను. అలవాటుగా ఆమె ఇంటివైపు తిరిగి, "ఇంకా ఉంది పెద్దమ్మా" అన్నాను. తెరిచిన తలుపులోంచి ఆమె మంచం కనబడింది. దాని పక్కన, సగం నీళ్లతో, క్యాను.