పెద్దమ్మ పేరు రాయించిన శుక్రవారం

మస్కట్‌లో నేను వంట చేసి ఇల్లు చూసుకునే మేడమ్ ఇంగ్లండ్ ఆవిడ. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. భర్త ఇక్కడ ఇంజినీరు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి కూర్చునేది. తెర మీద గోధుమరంగు తిరిగిపోయిన పాత కాగితాల ఫోటోలు, వాటి నిండా చీమలు పాకినట్టు రాత. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి పక్కన టైపు చేసుకునేది. చాలాకాలం నేను అవేవో కోర్టు కాగితాలనుకున్నాను.

ఒకరోజు టీ ఇస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"మా ఊరి చర్చి రిజిస్టర్లు. అక్కడ పాతిపెట్టిన వాళ్ళ పేర్లు," అంది మేడమ్. "చెదలు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించాలని ఊరివాళ్ళం పంచుకున్నాం. నా వాటాకి ఇవొచ్చాయి."

నా వచ్చీరాని ఇంగ్లీషుకి అందేలా ఆవిడ నెమ్మదిగా చెప్పేది. ఆ చర్చి వాళ్ళ తాతలకి తాతలు పుట్టకముందు కట్టిందట. ముందు చిన్న రాతి గది, తర్వాత ఎన్నో తరాలకి గంట వేలాడదియ్యడానికి గోపురం. ఒకసారి పిడుగు పడి పైకప్పు కాలిపోతే ఊరంతా కలిసి మళ్ళీ వేసుకున్నారట. రిజిస్టర్ని మూడు తాళాల చెక్కపెట్టెలో పెట్టేవాళ్ళట. మహమ్మారి వచ్చిన ఏడాది పేజీ నాకు తెర మీద చూపించింది. పై నుంచి కిందికి ఒకే చేతిరాత, సగంలో అది ఆగిపోయి ఇంకో చేతిరాత మొదలైంది.

"రాసే ఫాదరే పోయాడు. తర్వాత వచ్చినవాడు మొట్టమొదట ఆయన పేరే రాశాడు," అంది.

"గొప్పవాళ్ళవే రాసేవాళ్ళా మేడమ్?"

"లేదు. పాలేర్లవీ, బట్టలుతికే వాళ్ళవీ, పురిట్లో పోయిన పసిపిల్లలవీ అన్నీ రాసేవాళ్ళు."

ఆ మాటతో మా పెద్దమ్మ నా కళ్ళ ముందుకొచ్చింది. మా అమ్మకి అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, గోదావరి దగ్గర మా ఊరి నుంచి అందరికంటే ముందు గల్ఫ్ వచ్చిన మనిషి. పొడుగ్గా ఉండేది, గట్టిగా నవ్వేది. ప్రార్థనా మందిరంలో పాట ఎత్తుకుందంటే రాగం ఎటు పోయినా గొంతు మాత్రం తగ్గించేది కాదు. సెలవుకి వచ్చినప్పుడు, అంత ఎదిగిన నన్ను చంకనెత్తుకుని వీధంతా తిరిగింది. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా మస్కట్ నుంచి ఫోనొచ్చింది, గుండె ఆగి పోయిందని. ఆవిణ్ణి తెచ్చుకున్న యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, శవాన్ని పంపడానికి చాలా రోజులు పడుతుందన్నాడు. మా తాత ఏం చెప్పాలో తెలీక అక్కడే పాతిపెట్టమన్నాడు. అంతే. ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు, మావాళ్ళలో అడగడం తెలిసినవాళ్ళు లేరు.

నేను మస్కట్ వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉందని తెలుసు. వెతకొచ్చన్న ఆలోచనే రాలేదు. ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ నిశ్చయించుకున్నాను, పెద్దమ్మ ఎక్కడుందో తెలుసుకునే ఇంటికెళ్ళాలని.

అమ్మకి ఫోన్ చేస్తే మొదట కసిరింది. "ఇప్పుడెందుకే అయ్యన్నీ? నీ ఉజ్జోగం నువ్వు చూసుకో." మళ్ళీ తనే అంది, "ట్రంకుపెట్టెలో అక్క పోయినట్టు మస్కట్ ఆళ్ళు పంపిన కాయితం ఉంది. తమ్ముడి చేత ఫోటో తీయించి పంపుతాను."

శుక్రవారం ఇక్కడ సెలవు, ప్రార్థనలూ ఆ రోజే. వాడి కబీర్ అనే పేటలో మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక అయిపోగానే టాక్సీ ఎక్కి, సమాధుల లెక్క ఉండే చర్చి ఆఫీసుకెళ్ళాను. అక్కడ రిజిస్టర్ చూసే పెద్దాయన కేరళ మనిషి, మంచివాడే. పెద్దమ్మ పేరు చెబితే పేజీలన్నీ తిప్పి లేదన్నాడు. ఫోనులో కాగితం చూపించి, ఈ తేదీకి చూడండి సార్ అన్నాను. ఆ తేదీకి ఒక పద్దు ఉంది. ఇండియన్ స్త్రీ, ఇళ్ళలో పని, సమాధుల్లో మూడో వరుస. పేరు రాయాల్సిన చోట అడ్డగీత.

"శవంతో డ్రైవర్ ఒక్కడే వచ్చుంటాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉండుంటుంది. పేరు ఎవరూ చెప్పలేదు," అన్నాడాయన హిందీలో.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంటింటికీ వినపడేలా పాడిన మనిషికి అడ్డగీతా?

ఆయనే నన్ను కారులో స్మశానానికి తీసుకెళ్ళాడు. నల్లకొండ కింద కంకర నేల. మూడో వరుసలో మట్టి చదునుగా ఉంది. తుఫాను వచ్చినప్పుడు కొండమీంచి దిగిన వరదకి ఆ వరుస గుర్తులన్నీ కొట్టుకుపోయాయట. అయిదారు సమాధుల్లో పెద్దమ్మది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదన్నాడు. నేను వరుస ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి, అందరికీ కలిపి ప్రార్థన చేసుకున్నాను.

రాయి వేయించే దారి లేదు. ఇక మిగిలింది పుస్తకం. అందులో పేరు రాయమని అక్కడే అడిగాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఒకసారి రాసింది దిద్దకూడదమ్మా. రూల్."

ఇంటికొచ్చి మేడమ్‌కి చెప్పాను. ఆ తర్వాతి రోజుల్లో ఆవిడ చేస్తున్న పేజీలు పక్కన పెట్టి, చేసేసినవే మళ్ళీ మొదటి నుంచీ తిరగేసింది. బుధవారం పొద్దున్న వంటింట్లోకే కంప్యూటర్ పట్టుకొచ్చింది.

"చూడు. వాగు దగ్గర దొరికిన స్త్రీ, పేరు తెలియదు అని ఉంది కదా. పక్కన ఖాళీలో చూడు, సిరా వేరు, చెయ్యి వేరు. తర్వాతెప్పుడో భర్త వెతుక్కుంటూ వచ్చి పేరు చెప్పాడని రాశారు. ఉన్నది దిద్దలేదు, పక్కన చేర్చారు."

ఆ పేజీ కాగితం మీద తీసిచ్చింది. "నేనూ రానా?"

"వద్దు మేడమ్. నేనే అడుగుతాను."

ఆ శుక్రవారం రిజిస్టర్ ఉన్న చర్చిలో పాస్టర్‌గారి గది ముందు, ఆరాధన ముగిసి జనమంతా వెళ్ళేదాకా నిలబడ్డాను. పిలిచాక ఆయన బల్ల మీద రెండు కాగితాలూ పెట్టాను, మా ట్రంకుపెట్టెలోదీ, ఇంగ్లండ్ చర్చిదీ. ఆయన రెండూ చదివి రిజిస్టర్ తెప్పించారు. పుస్తకం మోసుకొచ్చిన పెద్దాయన తలుపు దగ్గరే ఆగాడు.

"పాస్టర్‌గారూ, ఈమెకి రాస్తే రేపు అందరూ వస్తారు."

"రానివ్వండి సార్," అన్నాను. "వచ్చినవాళ్ళందరివీ రాయండి. వాళ్ళూ మనుషులే కదా."

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలీదు. పాస్టర్‌గారు నవ్వలేదు, కోప్పడలేదు. తేదీలు మరోసారి సరిపోల్చుకుని, కలం మూత తీసి స్పెల్లింగ్ చెప్పమన్నారు. మా కాగితంలో ఉన్నట్టే ఒక్కో అక్షరం చెప్పాను. ఊరి పేరూ రాయమన్నాను, రాశారు. చివర్న, చెల్లెలి కూతురు వచ్చి చెప్పింది అని రాసి సంతకం చేశారు. పెద్దాయన బల్ల దగ్గరికొచ్చి, వంగి చదివి, సిరా ఆరేదాకా పేజీని వేళ్ళతో పట్టుకున్నాడు. తర్వాత ఫోటో తీసుకోమని తనే చెప్పాడు.

ఫోటో పంపితే అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. మా ఊరి మందిరం అయ్యగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఎక్కడున్నదీ తెలీని మనిషికి ప్రార్థన ఎలా పెడతామని తాత బతికుండగా వద్దన్నాడట, అందుకని పెద్దమ్మకి జ్ఞాపకార్థ కూడిక జరగనేలేదు. వచ్చే ఆదివారమే పెడదామని అయ్యగారు మాటిచ్చారు.

ఆ ఆదివారం నాకు డ్యూటీ. మేడమ్ స్టవ్ కట్టేసి, ఫోను తెచ్చి నా చేతికిచ్చి, వెళ్ళి తలుపేసుకుని కూర్చోమంది. వీడియోలో మందిరం కనిపించింది. చాపల మీద ఊళ్ళోవాళ్ళు, ముందు వరసలో అమ్మ తెల్లచీర కట్టుకుని. అయ్యగారు పెద్దమ్మ పేరు, మస్కట్ పేరు, మూడో వరుస అన్న మాట కూడా వదలకుండా గట్టిగా చదివారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు వడ్డించింది.