తాగలేదని రాసినందుకు

పెళ్లయిన మూడో ఏడు మా ఆయన వారపత్రిక పెట్టారు. జగ్గయ్యపేటలో పొద్దున పూట ట్యుటోరియల్‌లో తెలుగు చెప్పి, మధ్యాహ్నం నుంచి పత్రిక పనిలో పడేవారు. నాలుగే పేజీలు. శుభలేఖలు, కరపత్రాలు వేసే ప్రెస్సులోనే అదీ అచ్చయ్యేది. సోవియట్ దేశం ముక్కలైన రోజులవి. ఆ కొత్త దేశాల్లో ఎవరికి వాళ్లు పత్రికలు పెట్టుకుని తోచింది రాస్తున్నారని రేడియోలో విని ఆయన తెగ సంబరపడ్డారు. "అన్నేళ్లు నోరు మూసుకున్నవాళ్లే రాస్తుంటే మనకేం రోగం?" అన్నారు. అలా మొదలైంది.

మురుగు కాలవలు, రేషన్ షాపులు, ఆస్పత్రిలో దొరకని మందులు, ఇవే వార్తలు. కొన్నాళ్లు బాగానే జరిగింది. బజార్లో ఆయన్ని ఆపి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు.

వత్సవాయి వైపు కంకర క్రషర్‌లో ఒక కూలీ పైనుంచి పడి చనిపోయాడు. తాగి పడ్డాడని యజమాని చెప్పాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. మా ఆయన ఆ ఇంటికి వెళ్తూ, ఆడమనిషి తోడుంటే ఆమె మాట్లాడుతుందని నన్నూ తీసుకెళ్లారు. చనిపోయినతని భార్య చాలా చిన్నది. ఒళ్లో పిల్లని పెట్టుకుని, ఏడవకుండా చెప్పింది.

"ఆయనకి తాగుడు అలవాటే లేదు మాస్టారూ. ఎక్కే చెక్క ఇరిగిందని కూలోళ్లు చెబుతానే ఉన్నారంట. ఎవరూ ఇనిపించుకోలేదు."

మేం లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "తాగుబోతని రాసారమ్మా కాయితాల్లో. ఆ మాట ఒక్కటి అబద్ధమని రాయించండి."

ఆయన రాశారు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశారు.

యజమాని నందిగామ కోర్టులో పరువు నష్టం కేసు వేశాడు. మా వకీలు పెద్దాయన, నెమ్మదస్తుడు. "రాసింది నిజమైతే సరిపోదు మాస్టారూ. నిజమని మనం రుజువు చెయ్యాలి. జనం మేలు కోరి రాసామనీ చూపించాలి. లేకపోతే రెండేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు" అన్నాడు. చనిపోయిన మనిషి పరువు సంగతేంటని నేను అడిగితే, వకీలు కళ్లజోడు తీసి తుడుచుకుని, కేసు కాయితాలు సర్దుకున్నాడు.

వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఏళ్లు గడిచాయి. వాయిదా ఉన్న రోజు ట్యుటోరియల్‌కి సెలవు పెట్టి బస్సెక్కేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. నందిగామ బస్టాండులో కూర్చుని పేపరు చదువుతూ, సోవియట్ నుంచి విడిపోయిన ఒక దేశంలో సంపాదకుణ్ణి ఇలాంటి పరువు నష్టం కేసు కిందే జైల్లో వేశారన్న వార్త చూపించారు.

"అక్కడ కూడా ఇంతేనన్నమాట" అన్నారు. పేపరు మడిచి, "మనం నయం. సాయంత్రానికి ఇంటికి పోతున్నాం" అన్నారు.

చివరికి చనిపోయినతని భార్య మా తరఫున సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. బోనులో తలొంచుకుని నిలబడింది. మా వకీలు అడిగితే, "మాస్టారికి నేనేం చెప్పలేదండి. ఆయన తాగేవాడే. ఆ రోజూ తాగాడు" అంది.

ఆ మాట అంటున్నంతసేపూ ఆమె బోను కర్రని వదల్లేదు.

సాక్షి ఎదురు తిరిగింది కాబట్టి జడ్జిగారి అనుమతి తీసుకుని నిలదీస్తానని వకీలు గుసగుసగా చెప్పాడు. మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"వద్దండి. ఆమెని ఇంకేం అడగొద్దు."

"కేసు పోతుంది మాస్టారూ."

"పోనివ్వండి."

తర్వాత నేను బోనెక్కి ఆ రోజు విన్నదంతా చెప్పాను. భార్య మొగుడి తరఫునే కదా చెబుతుందని అవతలి వకీలు నవ్వాడు. తీర్పుకి ముందు రాజీ కబురొచ్చింది. కూలీ తాగే పడ్డాడని మొదటి పేజీలో వేసి క్షమాపణ చెబితే కేసు వెనక్కి తీసుకుంటారట. "నన్ను గురించి ఏం రాయమన్నా రాస్తా. ఆ మాట మాత్రం రాయను" అన్నారు ఆయన. కేసు ఓడాం, కానీ జైలు లేకుండా జరిమానాతో పోయింది. పైకోర్టుకి వెళ్దామని వకీలు అన్నా ఆయన ఒప్పుకోలేదు. ప్రెస్సాయన ఇంటికొచ్చి, "నాకూ పిల్లలున్నారు, ఇక వెయ్యలేనండి" అని చెప్పుకుని బాధపడ్డాడు. పత్రిక అంతటితో ఆగిపోయింది.

చాన్నాళ్లకి, ఇంటింటా టీవీ వార్తలు మోగుతున్న రోజుల్లో, జగ్గయ్యపేట ఆస్పత్రిలో ఆ కూలీ భార్య కనిపించింది. నన్ను చూసి పక్కకి తప్పుకోబోయి, మళ్లీ తనే దగ్గరికొచ్చింది.

"అప్పుడు మా తమ్ముడు ఆ క్రషరోళ్ల టిప్పరే తోలుతున్నాడమ్మా. నేను నిజం చెబితే ఆడి పని పోద్దన్నారు. ఈ నోటితో నేనే అన్నా మా ఆయన్ని తాగుబోతని" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. చీటీలిచ్చే కిటికీ దగ్గర పిలుపు వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన పిల్లల వ్యాసాలు దిద్దుతున్నారు. కలం పక్కన పెట్టారు.

"అప్పుడు ఆమె ఒళ్లో ఉన్న పిల్ల చదువుకుంటోందా?" అని అడిగారు.

"అడగలేదండి" అన్నాను.

"అడగాల్సింది" అన్నారు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచారు.