ఎముకకో కత్తి, ఉల్లికో కత్తి

మొన్నటిదాకా పాకిన మా పాప ఇవాళ స్టూలు జరుపుకొని వంటగట్టు అందుకుంది. దాంతో కత్తులన్నీ ఇంట్లోంచి తీసేసి, ఇకపై కోసిన కూరగాయలే తెప్పించుకుందామని మా ఆయన తేల్చేశారు. ఈ ఇంట్లో అందరికన్నా పిరికిదాన్ని నేనే, పాప రెండుసార్లు తుమ్మితే దవాఖానకు బయలుదేరే మనిషిని. అయినా కుదరదన్నాను. ఎందుకన్నానో, పాప నిద్రపోయాక, నాలాంటి అమ్మలకు చెప్పుకోవాలనిపించింది.

డిగ్రీ అయ్యాక పెళ్ళి కుదిరేదాకా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వంటసామాన్ల షాపులో పనిచేశాను. స్టీలు గిన్నెల వరుసలు దాటి లోపలికి వెళితే అద్దాల బీరువాలో విదేశీ కత్తులుండేవి, వాటిని చూపించడం నా వంతు. ఎల్బీనగర్ కొత్త ఫ్లాట్లలోకి మారేవాళ్ళు వచ్చి మెరుపు చూసి ఎంచుకునేవారు. నేను మాత్రం, మీ ఇంట్లో కత్తికి ఎముక తగులుతుందా అని ముందు అడిగేదాన్ని. జర్మనీ కత్తి మందం, బరువు, దాని ఉక్కు కాస్త మెత్తన. మొరటుగా వాడినా అంచు వంగుతుందేగాని తొందరగా విరగదు, ఉక్కు కడ్డీకి నాలుగుసార్లు రాస్తే దారికొస్తుంది. జపాన్ కత్తి పలచన, తేలిక, ఉక్కు గట్టిది; ఉల్లిపాయను రేకుల్లా కోస్తుంది, పదును చాలా రోజులు నిలుస్తుంది, కానీ ఎముక తగిలితే పెచ్చు లేస్తుంది. పట్టి చూస్తామన్నా చేతికిచ్చేదాన్ని కాదు, కౌంటరు మీద పెట్టేదాన్ని. కత్తి చేతికిస్తే తగవులొస్తాయని అమ్మ నేర్పిన అలవాటు అది. షాపులో దాన్నే జాగ్రత్త అని మెచ్చుకున్నారు.

పెళ్ళయి చంపాపేట్‌కు కాపురానికి వస్తూ ఒక జపాన్ కత్తి తెచ్చుకున్నాను. ఆ తర్వాత వచ్చిన బోనాలనాడు, నేను గుడికి వెళ్ళి వచ్చేసరికి, అత్తమ్మ దానితోనే నాటుకోడి తొడ ఎముక కొట్టారు. అంచులో కందిబద్దంత పెచ్చు ఎగిరిపోయింది. మా ఆడబిడ్డ పడీపడీ నవ్వింది.

"వదినా, గీ నీ జపాన్ పహిల్వాన్ మన నాటుకోడి చేతిల ఓడిపాయె గదా!"

"గంటు వడ్డ కత్తి ఇంట్ల ఉండొద్దు బిడ్డా, కడుపుతోని ఉన్నవ్, అవుతల పారెయ్," అన్నారు అత్తమ్మ. "మొద్దు కత్తయితే చెయ్యన్న తెగదు."

అంతవరకూ అన్నిటికీ తలూపిన నేను ఆ రోజు ఊపలేదు.

"కత్తిది తప్పు కాదత్తమ్మా. కోడి బొక్కలకు వేరే కత్తి ఉంటది. ఇది మాత్రం యాడికీ పోదు."

మాట వెనక్కి తీసుకోలేదు. మధ్యాహ్నాలు నానబెట్టిన సానరాయి ముందేసుకుని, అత్తమ్మ చూస్తుండగానే, ఆ గంటు పోయేదాకా అరగదీశాను. కత్తి సన్నబడింది, అయినా బతికింది. కోడి కీళ్ళు విడదీయడానికి, గుమ్మడికాయకు ఒక జర్మనీ కత్తి తెప్పించాను. అత్తమ్మ కూడా టమాటాలు కోయాల్సి వస్తే ఆ సన్నదే తీసుకునేవారు. మొద్దు కత్తి టమాటా తొక్క మీద జారి వేలి మీదికొస్తుంది, పదునున్నది కోయాల్సినచోటే కోస్తుంది. నాలాంటి భయస్థులకే పదును ఎక్కువ అవసరం.

మా చిన్నప్పుడు అమ్మ కత్తిపీట వేసుకుని నేల మీద కూర్చుని బెండకాయలు తరిగేది. పక్కన కూర్చున్న నాకు ఆ అంచు సరిగ్గా కళ్ళ ఎత్తులో ఉండేది, ఎంత దూరంలో ఆగాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఇప్పుడు తరగడం గట్టు మీదికెక్కింది. పిల్లలకు టకటకమనే చప్పుడే వినిపిస్తుందిగాని కత్తి కనిపించదు. ఆ చప్పుడు కూడా లేకుండా చేస్తే, నా బిడ్డ మొదటిసారి కత్తి పట్టేది ఏ పరాయి వంటింట్లోనో, నేను పక్కన లేనప్పుడు. అలా జరగనివ్వను.