మోటారు ప్రదర్శనలో దేవదానంగారు

పోయిన నెల మా అమ్మాయి కారు కొంటానంటే తోడుగా బెంజ్ సర్కిల్ దగ్గరి షోరూముకి వెళ్ళాను. తలుపు తీయగానే కొత్త రెక్సిన్, రబ్బరు కలిసిన వాసన గుప్పుమంది. అమ్మాయి రంగులు ఎంచుకుంటోంది. నేను మాత్రం సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఆ వాసనతో నాకు పరిచయం డెబ్భైల్లో, బెజవాడలో ఏటా జరిగిన మోటారు ప్రదర్శనలో. అక్కడ మోటార్ల గురించి జనానికి వివరించి చెప్పే ఉద్యోగం దేవదానంగారిది. నేను బతుకంతా చేసిన పని నాకు నేర్పింది ఆయనే.

వరికోతలు అయ్యాక మైదానంలో పందిళ్ళు లేచేవి. బొంబాయి, మద్రాసు, ఢిల్లీ కంపెనీలు లారీలు, ట్రాక్టర్లు, స్కూటర్లు, కార్లు తెచ్చి వరసగా నిలబెట్టేవి. గుడివాడ నుంచి, దివిసీమ నుంచి జనం బస్సుల్లో, బళ్ళలో తరలివచ్చేవారు. కొనేవాళ్ళు కొందరే, చూడ్డానికి వచ్చేవాళ్ళే అంతా. నేను పెడనలో నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టాను. బి.ఏ. అయ్యాక, దస్తూరి బాగుందని ప్రదర్శన కమిటీవాళ్ళు నన్ను గవర్నర్‌పేటలోని ఆఫీసులో పెట్టుకున్నారు. కంపెనీలు పంపిన ఇంగ్లీషు కాగితాలు చూసి, ఒక్కో బండి ముందు పెట్టే అట్ట మీద తెలుగులో వివరం రాయడం నా పని. దేవదానంగారు మిలిటరీలో మోటారు మెకానిక్కుగా చేసి వచ్చిన మనిషి. గుడివాడ దగ్గర పల్లెలో క్రైస్తవ కూలీ కుటుంబం ఆయనది. తనకన్నా ముప్పై ఏళ్ళు చిన్నదాన్నయినా నన్ను గారూ అనే పిలిచేవారు.

మొదటి రోజే ఒక ట్రాక్టరు అట్ట ఆయన చేతికిచ్చాను. నిఘంటువు వెతికి ‘ద్రవచాలిత ఉత్థాపక సాధనం కలదు’ అని రాశాను. బాగా కుదిరిందనే అనుకున్నాను.

ఆయన రెండుసార్లు చదివి, “ఇదేంటండీ భారతిగారూ?” అన్నారు.

“నాకూ సరిగా తెలీదండీ. ఇంగ్లీషులో అలా ఉంది.”

“మీకు తెలీనిది రాస్తే చదివినవాడికేం తెలుస్తుంది? రండి.”

ట్రాక్టరు ఎక్కించి సీటు పక్కనున్న మీట లాగమన్నారు. లాగాను. వెనకాల ఉన్న బరువైన నాగలి మెల్లగా పైకి లేచింది. ఏం జరిగిందో చెప్పమన్నారు. “మీట లాగితే నాగలి దానంతటదే లేచింది” అన్నాను. “ఇంక అదే రాసెయ్యండి” అన్నారు. దిగుతూ చూసుకుంటే చీర కొంగుకి గ్రీజు. నాన్న నేసిన చీర అది. అయినా ఆ పూట నాకు బాధ అనిపించలేదు. మా మగ్గం కింద చెక్క తొక్కితే పడుగు దారాల్లో సగం ఇలాగే లేస్తాయని ఆయనకు చెప్పాను. “నాకు మగ్గం గురించి ఏమీ తెలీదండీ, చెప్పండి” అని అక్కడే స్టూలు మీద కూర్చుని, అరగంట అడిగి అడిగి తెలుసుకున్నారు. మర్నాడు పెడన నుంచి వచ్చినవాళ్ళకి మగ్గం పోలిక చెప్పి మరీ ఆ మీట వివరించారు. అంత తెలిసిన మనిషి తెలీదని అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

నాలుగైదేళ్ళలో ప్రదర్శన పలచబడింది. పెట్రోలు ధర పెరిగింది. కంపెనీలు రావడం తగ్గించాయి. “కారుకి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరసలో ఉన్నవాడికి మళ్ళీ కారు చూపించడం కంపెనీలకి దేనికండీ?” అనేవారు దేవదానంగారు. లారీలు నిలిచిన చోట గాజుల దుకాణాలు, రంగులరాట్నం వచ్చాయి. ఆఖరి ఏడు వచ్చిన ట్రాక్టర్లు మూడే. అందులో ఒకటి రెండేళ్ళ కిందట మేం చూపించిందే, కొత్తగా రంగు వేసి పంపారు. కమిటీ ప్రెసిడెంటుగారు దాని అట్ట మీద ‘కొత్త మోడల్’ అని రాయమన్నారు. ఉద్యోగం పోతుందేమోనని రాశాను.

ఆ సాయంత్రం కంకిపాడు రైతు ఒకాయన అట్ట చదివి, “ఇది కొత్తదాండీ?” అని దేవదానంగారిని అడిగాడు. పక్కనే ప్రెసిడెంటుగారు ఉన్నారు.

“రంగు కొత్తదండీ. ఇంజను పాతదే, మంచిదే” అన్నారు దేవదానంగారు.

ప్రెసిడెంటుగారి ముఖం మారిపోయింది. “మీరు ప్రదర్శనని నిలబెడుతున్నారా, పడగొడుతున్నారా?”

“మనం చెప్పింది జనం నమ్మబట్టే కదండీ ఇన్నాళ్ళు నిలబడింది.”

ఆ అట్ట రాసింది నేనని దేవదానంగారికి తెలుసు. నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే ఊరుకుందునేమో. లోపలికి వెళ్ళి ఇంకో అట్ట తీశాను. ‘రెండేళ్ళ కిందటి మోడల్. రంగు కొత్తది. ఇంజను బాగుంది’ అని రాసి తెచ్చి పెట్టాను. ప్రెసిడెంటుగారు అది చదివి వెళ్ళిపోయారు. రైతు ఇంజను స్టార్టు చేయించుకుని, దానికి దగ్గరగా చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

మర్నాడు మమ్మల్ని ఎవరూ రావద్దనలేదు. కానీ మరుసటి ఏడు పందిళ్ళు లేవలేదు. పత్రికలో ఒక్క ముక్క కూడా రాలేదు. ఆఫీసు గదిలో బట్టల వ్యాపారి దిగాడు. దేవదానంగారు పటమటలో రేకుల షెడ్డు వేసి డ్రైవర్లకి ఇంజను పాఠాలు మొదలుపెట్టారు. చూడ్డానికి వెళితే ఐదుగురు మనుషుల మధ్య, విప్పిన ఇంజను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు.

“ప్రదర్శన పోయిందని బెంగగా లేదాండీ?” అన్నాను.

“చూపించే జాగా పోయిందంతేనండీ. చెప్పేది ఎక్కడికి పోతుంది?” అని, నన్నూ కూర్చోమని పాఠం కొనసాగించారు. ఆ ముఖంలో నిజంగానే ఏ లోటూ కనిపించలేదు.

తర్వాత నాకు రైతులకు కరపత్రాలు రాసే ప్రభుత్వోద్యోగం వచ్చింది. మందు కొట్టే పంపు గురించి రాయాలంటే ముందు దాన్ని భుజాన వేసుకుని చేనులో నడిచేదాన్ని. ఆఫీసులో నవ్వుకునేవారు, నవ్వనిచ్చాను. రిటైరై చాలా ఏళ్ళయింది. నిన్న పక్కింటి మేరీగారు కొత్త రైస్ కుక్కరుతో వచ్చిన కాగితం తెచ్చి, ఏం రాశారో చదివి చెప్పమన్నారు. కాగితం పక్కన పెట్టి, కుక్కరు తెమ్మన్నాను.